కొండలు పలికిన పేరు

సోమశిల రేవులో రంగు వెలసిన బోర్డు ఒకటుంది. 'లోతు ఎక్కువ, నీళ్లలోకి దిగరాదు' అని దాని మీద రాసి ఉంది. నేను పైకి చదివాను.

"దాదీ, నువ్వు చదువు నేర్చుకున్నదే గిసుంటి బోర్డులు చదివి మమ్ముల భయపెట్టనీకె," అని రుక్సార్ నవ్వింది.

"నేర్పింది నువ్వే కద. రెండో తరగతి పుస్తకం ముందల పెట్టి, కట్టె పట్టుకొని కూసుంటివి."

రుక్సార్ నా కొడుకు మజీద్ కూతురు. వచ్చే నెలలో దాని నిఖా. పెళ్లికొడుకు మొహసిన్‌ది ఆత్మకూరు. ఫ్రిజ్‌లు, కూలర్లు బాగుచేసే దుకాణం ఉంది. పెళ్లి పనుల్లో పడకముందే ఒక పూట అందరం కలిసి కృష్ణ చూసొద్దామని అతని తల్లి సమీనా ఫోన్ చేసింది. ఇటిక్యాలలో మా మిరప కోతకు ఆ రోజే కూలీలు దొరికారు. కొడుకూ కోడలూ చేనిడిచి రాలేమన్నారు. పెళ్లికాని పిల్లకు తోడుగా నేను బయలుదేరాను. నాకు నీళ్లంటే భయం, బస్సంటే భయం, ఇంట్లోంచి ఎవరు గడప దాటినా భయం. నేను సాగనంపినవాళ్లలో తిరిగి రానివాళ్లే ఎక్కువ.

పడవ నడిపే ప్రభుదాసు అందరికీ నారింజరంగు జాకెట్లు ఇచ్చాడు.

"దాదీ, మీరు ఎనుకది ముందలికి తొడుక్కున్నరు," అన్నాడు మొహసిన్.

"ఉండనీ బాబూ," అన్నాడు ప్రభుదాసు. "పెద్దమ్మ ఎటు పడ్డా తేలుతది."

సమీనా కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

మొదట నది చెరువులా వెడల్పుగా ఉంది. పోనుపోను నల్లమల కొండలు రెండువైపులా దగ్గరికి వచ్చాయి. జొన్నరొట్టెలు దొంతి పెట్టినట్టు పొరలుపొరలుగా రాతిగోడలు. చలికాలం కదా, నీళ్లు తేటగా ఉన్నాయి. ఒడ్డు పక్కనుంచి పోతుంటే అడుగున గులకరాళ్లు, వాటి మీద చేపపిల్లల నీడలు కదులుతూ కనిపించాయి. ఇంత చక్కని చోటు మా ఊరికి ఇంత దగ్గరలో ఉందని నాకు తెలియదు. భయం కాస్త తగ్గి, చెయ్యి నీళ్లలో పెట్టి చూశాను. చల్లగా ఉన్నాయి.

రెండు గోడల నడుమ ప్రభుదాసు ఇంజను ఆపాడు. "పేరు పెట్టి పిలువుండ్రి. కొండ పలుకుతది."

మొహసిన్ లేచి నిలబడి "రుక్సార్!" అని అరిచాడు. గోడలు ఆ పేరు అటూ ఇటూ విసురుకున్నాయి.

"అయ్యో, నా పేరు బజారుకేసిండు!" అంది రుక్సార్. "నీ పేరు పిలుచుకోరాదు?"

"ఏ పేరు? నాకు రెండున్నయి." నోటికి చేతులు అడ్డం పెట్టుకొని, "హఫీజ్!" అని అరిచాడు.

కొండలు పలికాయి. ఈ గట్టు పలికింది, ఆ గట్టు పలికింది, ఎక్కడో లోపలి మలుపులో మళ్లీ పలికింది. నేను పడవ అంచు పట్టుకున్నాను. పాతికేళ్లయింది ఆ పేరు ఇంకొకరి నోట విని.

"ఆ పేరు ఎవరిది?" అని అడిగాను.

"అదొక పెద్ద కథ ఖాలా," అంది సమీనా. "వీడు పుట్టంగనే నాకు జ్వరమొచ్చి దినాల తరబడి సోయి లేదు. పాలు లేవు. గద్వాల దవాఖానల మా అత్త వీణ్ణి ఎత్తుకొని వార్డంత తిరిగిందంట. ఆఖరు మంచం మీద ఒకామె బిడ్డ పోయి పడుకున్నదంట. అడగకముందే చేతులు చాపిందంట. హఫీజ్, హఫీజ్ అనుకుంట పాలిచ్చిందంట. మా అత్త బతికినన్నాళ్లు వీణ్ణి ఏడిపిచ్చేది, నీ మొదటి పేరు హఫీజ్‌రా అని."

"ఆమె ఎవరో తెల్వలేదా?"

"నాకు సోయి వచ్చేసరికి ఎల్లిపోయిందంట. ఊరు గూడ అడగలే. ఏ సంబంధం చూసినా ముందుగాల గదే అడిగిస్తం, మీ ఇంట్ల ఆడోళ్లు గట్ల పాలిచ్చిండ్రా అని. మీ మజీద్ భాయిని గూడ అడిగిచ్చినం. లేదన్నడు."

మజీద్ ఆ రోజుల్లో లారీ మీద హైదరాబాదులో ఉన్నాడు. తమ్ముడు పుట్టాడన్న కబురు, పోయాడన్న కబురు వాడికి ఒకేసారి అందాయి. తక్కినది వాడికి తెలియదు. నన్ను ఎవరూ అడగలేదు.

మాలో ఒక కట్టు ఉంది. పాలిచ్చినామె కన్నతల్లితో సమానం. ఆమె పిల్లలు తోడబుట్టినవాళ్లతో సమానం. మొహసిన్ నా పాలు తాగినవాడైతే మజీద్‌కు తమ్ముడు, రుక్సార్‌కు చాచా. చాచాకు పిల్లనివ్వరు.

మొహసిన్ నా ఎదుట కూర్చొని జామకాయ కోసి ముక్కలకు ఉప్పు అద్దుతున్నాడు. వెడల్పు మణికట్లు, కాస్త ముందుకు వంగిన చెవులు. ఆ చెవుల్ని అప్పట్లో నా వేళ్లతో వెనక్కి నొక్కేదాన్ని. నా హఫీజ్ పోయాక చేపుకొచ్చి బరువెక్కిన నా రొమ్మును ఈ బిడ్డే తేలిక చేశాడు. బతికి ఉన్నాడో లేడో అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇంత మనిషయ్యాడు. లేచి వెళ్లి అతని తల మీద చెయ్యి వేయాలనిపించింది.

నేను నోరు మూసుకుంటే అతను మా అల్లుడవుతాడు. ప్రతి పండగకూ మా ఇంటికి వస్తాడు, నా చేతి సేమియా తింటాడు. నేను పోయిన రోజు మట్టి వేయడానికీ వస్తాడు. నోరు తెరిస్తే అతను నా బిడ్డవుతాడు, కానీ పెళ్లి తప్పిన ఇల్లని మళ్లీ మా గడప తొక్కడు. అయినా నోరు మూసుకొని ఆ పండగ నమాజుకు నేను ఎట్లా నిలబడను?

"దాదీ, మొకం గట్లయిందేంది? తల తిరుగుతుందా?" అంది రుక్సార్.

"సమీనా," అన్నాను, "మీ అత్త బిడ్డను కూసు, కూసు అనేది కద?"

సమీనా చేతిలో జామ ముక్క ఆగిపోయింది. "మా అత్తది రాయచూరు. చంటిపిల్లలను గట్లనే అనేది. మీకెట్ల తెలుసు?"

"నాకు ఆఖరున పుట్టినోడి పేరు హఫీజ్. ఆ మంచం మీద పడుకున్నది నేనే బిడ్డా."

రుక్సార్ గలగలా మొదలుపెట్టింది. "హఫీజ్ అని ఎంతమంది లేరు దాదీ? గద్వాలలనే గల్లీకొకడుంటడు. దవాఖానలు ఎన్ని లేవు..." సమీనా పడవలో మోకాళ్ల మీద కూర్చొని నా రెండు చేతులూ తీసుకొని కళ్లకు అద్దుకుంది. ఏడుస్తూ "అమ్మా, అమ్మా" అంటోంది. నా కొడుకు ప్రాణం అంటోంది. ఆ వెంటనే రుక్సార్‌ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మొహసిన్ కత్తిని లుంగీ గుడ్డతో తుడిచి మడిచాడు. మళ్లీ విప్పి తుడిచాడు. నా వైపు చూడలేదు, రుక్సార్ వైపూ చూడలేదు.

"పోదామా సార్?" అన్నాడు ప్రభుదాసు. మా కట్టు తెలియనివాడు, మా మాటలు అతనికి సగమే అర్థమై ఉంటాయి. తనే ఇంజను తిప్పాడు.

ఆ చప్పుడులో రుక్సార్ నా పక్కకు జరిగింది. చెవి దగ్గర చెప్పింది. "ఇంటికి పోయినంక చెప్తే కాకపోవునా దాదీ? ఒడ్డుకు పోయేదాకన్న గీ సంబరం నన్ను ఉంచుకోనియ్యకపోతివి."

ఒడ్డుకు చేరితే నాకు మళ్లీ ధైర్యం రాదని దానికి ఎట్లా చెప్పను?

రేవులో మొహసిన్ ముందు దిగి తల్లికి చెయ్యిచ్చాడు. తర్వాత నాకు. అతని చెయ్యి వేడిగా ఉంది, నేను దిగాక కూడా ఒక క్షణం నా వేళ్లు వదల్లేదు. అప్పుడు పడవలో రుక్సార్ ఒక్కతే మిగిలింది. నిన్నటిదాకా నిఖా కాలేదని అతను దాని చెయ్యి తాకినవాడు కాదు. ఇప్పుడు చాచా. పట్టుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఆ సంగతి అతనికి అప్పుడే తట్టినట్టుంది. చెయ్యి సగం చాపి ఆగాడు, తర్వాత పూర్తిగా చాపాడు.

రుక్సార్ ఆ చేతిని చూసింది. లేచి పడవ రెండోవైపుకు నడిచి, కొత్త చెప్పులతోనే నీళ్లలోకి దిగింది.

"అమ్మా, గిటు రాండ్రి, గటు రాళ్లున్నయి!" అని ప్రభుదాసు అరిచాడు.

అక్కడ మోకాళ్ల లోతే నీళ్లు. ఎంత తేటగా ఉన్నాయంటే, రాయి రాయికీ తడబడుతూ దాని పాదాలు ఎక్కడ పడుతున్నాయో ఒడ్డున నిలబడ్డ మా ముగ్గురికీ కనిపిస్తూనే ఉంది.