ముడులున్న వైపు

పులుసుకి బెండకాయలు తరుగుతూ ముదురువి నాలుగు పక్కన పెట్టాను. ముదురు బెండకాయను అడ్డంగా కోసి, మా ఆయన హార్బరు ఆఫీసు నుంచి తెచ్చిన ఎర్ర సిరా ప్యాడ్ మీద అద్ది, అట్ట మీద నొక్కితే నక్షత్రం పడుతుంది. చుట్టూ సూదితో ముందుగా చిల్లులు పొడుచుకుని, పసుపు దారంతో కిరణాలు కుడతాను. పొడుచుకోకపోతే అట్ట చిరుగుతుంది. ఇది నాకెవరూ నేర్పలేదు, చిరిగిన అట్టలే నేర్పాయి. చివరికి వెనకవైపు ముడులు కనబడకుండా తెల్లకాగితం అంటిస్తాను. యాభై మూడులో ఈ దీవిలో, డైరీ ఫార్మ్ పేటలో కాపురం పెట్టినప్పటి నుంచీ, ఇరవై రెండేళ్ళుగా క్రిస్మస్‌కి పది కార్డులు. కింద కాస్త చోటు వదులుతాను. అక్కడ ఆయన పెన్నుతో 'జీవానందం అండ్ ఫ్యామిలీ' అని రాస్తారు. ఆ ఫ్యామిలీ అంటే నేను.

మా అత్తగారు ఎలీసబెతమ్మ ఉన్నన్నాళ్ళూ, "వొంటింట్లో పనైపోనాదేటి, కాయితాలకి కుట్లేస్తన్నావు?" అనేవారు. చర్చికెళ్ళేటప్పుడు మాత్రం ఒక కార్డు సంచిలో పెట్టుకెళ్ళి, "మా బాబు పంపిస్తన్నాడు" అని అందరికీ చూపించేవారు. ఆవిడ మీద నాకు కోపం లేదు, తలుచుకుంటే నవ్వొస్తుంది. కోపమొచ్చింది మొన్న ఆదివారమే. ఆరాధన అయ్యాక పాస్టరుగారు నిరుటి కార్డు బైబిల్లోంచి తీసి, "జీవానందంగారూ, మీ చేతిలో ఎంత కళ ఉందండీ!" అన్నారు. సూదిలో దారం ఎక్కించడం కూడా రాని మా మహానుభావుడు సిగ్గుపడిపోయి, "ఏదో లెండి, ఇంట్లో ఖాళీయే కదండీ" అన్నారు.

ఖాళీ! నీళ్ళు పట్టి, వండి, పిల్లల్ని బడికి పంపి, ఈయన చొక్కాలకు బొత్తాలు కుట్టి, ఆ మిగిలిన కళ్ళతో కుట్టిన నక్షత్రాలవి. పోనీ చెడ్డమనిషా అంటే కాదు, అదే వచ్చిన చిక్కు. నాకు నచ్చే పసుపు దారం కోసం అబర్డీన్ బజారంతా తిరుగుతారు. జ్వరమొస్తే జావ కాచిస్తారు. నా పేరు దగ్గరికొచ్చేసరికే నేను గుర్తుండను.

ఈసారి కింద వదిలే చోట్లో అదే దారంతో 'ప్రేమావతి' అని కుట్టాను. మొదటిదానికి చిల్లులు పొడుచుకోవడమే మర్చిపోయాను. ఇన్నేళ్ళ తర్వాత నా చేతిలో అట్ట చిరిగింది. ఇంకొకటి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాను. పదీ అయ్యాక వెనక కాగితాలు అంటించలేదు.

సాయంత్రం ఆయన పెన్ను మూత తీసి కూర్చున్నారు. "తే ప్రేమా, జల్దీ. రేపు ఓడకి టపా ఎల్లిపోద్ది."

ఒక కార్డు చూశారు, రెండోది చూశారు. "అరే, నేనెక్కడ రాయాల? జగాయే లేదు కదా!"

"వెనక్కి తిప్పండి" అన్నాను. కోప్పడతారని కాదు, నవ్వేసి ఊరుకుంటారేమోనని నా భయం.

తిప్పారు. ఆ వైపు చూడటం ఆయనకదే మొదలు. ముడులు, అడ్డదిడ్డంగా పోయిన దారాలు. వేలితో ఒక్కొక్క ముడినీ తడిమారు.

"ఇంత పనుందేటి దీంట్లో?"

మిగతా కార్డులు కూడా ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూశారు.

"ఆదివారం పాస్టరుగారికి నేనే సెప్తాను. గల్తీ నాదే" అన్నారు.

తర్వాత తల వంచుకుని, ముడుల మధ్య చోటు వెతుక్కుంటూ, చిన్న అక్షరాలతో పది కార్డుల మీదా ఒకటే రాశారు: 'అండ్ ఫ్యామిలీ'.

ఇరవై రెండేళ్ళు నేను కాపురమున్న ఆ రెండు మాటల్లోకి ఆయన ఆ సాయంత్రం వచ్చారు.