ఎర్ర డబ్బా ఆకలి

రోజూ ఉదయం ఆరున్నరకల్లా ఆమె ఆఫీసులో వ్యాను తాళాలు తీసుకుని, మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు వేసుకుని బయల్దేరేది. ఆ పేటలో మొత్తం నలభై రెండు డబ్బాలు. ఆకుపచ్చవి మామూలు చెత్తకి, ఎర్రవి కుక్కలు వదిలినదాన్ని వాటి యజమానులు పొట్లం కట్టి వేయడానికి. మూత ఎత్తడం, లోపలి సంచికి ముడి వేసి వ్యానులో పడేయడం, కొత్త సంచి తొడగడం. ఆ తర్వాత అట్టకి బిగించిన కాగితంలో, డబ్బా నంబరుకి ఎదురుగా ఉన్న మూడు గళ్ళలో ఒకదాంట్లో టిక్కు పెట్టడం. నిండింది, సగం, ఖాళీ. నాలుగో గడి లేదు.

ఇంటికెళ్ళాక పిల్లల్ని ముట్టుకునేముందు మూడుసార్లు చేతులు కడుక్కునేది. మూడోసారి కడిగానా లేదా అని అనుమానం వచ్చి నాలుగోసారీ కడిగేది.

ఆరు నెలలు చూసి నచ్చితేనే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఖాయమైతేనే కుటుంబమంతా ఆ పరాయి దేశంలో ఉండేందుకు అనుమతి కాగితం వస్తుంది. రాకపోతే కూతురి బడి, కొడుకు అప్పుడప్పుడే పట్టిన కొత్త మాటలు, భర్త వెతుక్కుంటున్న పని, అన్నీ మధ్యలో వదిలేసి పెట్టెలు సర్దుకోవాలి.

పార్కు గేటు పక్కన ఉండే పదిహేడో నంబరు ఎర్ర డబ్బా వేసినవన్నీ తినేసేది. పొద్దున పదిమంది పది పొట్లాలు వేసినా, ఆమె మూత తీసేసరికి తొడిగిన సంచి తొడిగినట్టే, మడత నలక్కుండా ఉండేది. వాసన కూడా ఉండేది కాదు. చేరిన మొదటి రోజే సూపర్‌వైజరుకి చెప్పింది.

"పదిహేడు తినేస్తోంది సార్."

"దానికి అలవాటేనమ్మా. పద్దెనిమిది దగ్గరికి పది నిమిషాలు ఆలస్యంగా ఎందుకెళ్ళావ్?"

ఆమెకి ముందు ఆ పని చేసినాయన పదకొండేళ్ళూ ఆ డబ్బాకి 'సగం' అనే టిక్కు పెట్టాడు. ఆమెకి చెయ్యి రాలేదు. ఖాళీగా ఉన్నదాన్ని ఖాళీ అనక ఏమంటారు? దాదాపు ఆరు నెలలు 'ఖాళీ' అనే పెట్టింది. ఆరో నెల చివరి వారంలో డబ్బా మీద ఆఫీసువాళ్ళు కాగితం అంటించారు. వాడకం లేనందువల్ల ఈ డబ్బాని తొలగిస్తున్నాం అని.

ఆ పొద్దున గడియారాల తాత గేటు దగ్గరే కాపు కాశాడు. ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. ఇప్పుడు మోకాళ్ళు బాగోలేక చేతికర్ర పట్టుకుని, బుడంకాయ అనే పొట్టికాళ్ళ కుక్కతో ఇంటి నుంచి ఆ డబ్బా దాకా వచ్చి వెనక్కి వెళ్ళేవాడు. అంతకుమించి నడవలేడు.

"అమ్మాయ్, ఈ పుణ్యం నీదేనట కదా?"

"నేనేం చేశాను తాతగారూ? ఉన్నదే రాశాను."

"మీ పాతాయన సగం అని రాసేవాడు."

"సగం లేదు కదండీ."

"డబ్బాలో లేదు. దాని కడుపులో ఉంది. నువ్వు కడుపు చూశావా?"

ఆమె డబ్బా వైపు చూసింది. తాత కర్రతో కొండవైపు చూపించాడు. "ఇది తీసేస్తే ఇక నాకు ఆ పైనున్నదే దిక్కు. ఈ కాళ్ళతో అక్కడికెక్కడం అయ్యే పనేనా? కుక్కని ఎవరికైనా ఇచ్చెయ్ నాన్నా అని మా అమ్మాయి ఎప్పట్నుంచో నస పెడుతోంది. ఇప్పుడు దాని మాటే నెగ్గుతుంది."

బుడంకాయ తన సంగతి కాదన్నట్టు తాత బూటు లేసు కొరుకుతూ కూర్చుంది.

ఆమె నేరుగా సూపర్‌వైజరు దగ్గరికెళ్ళి, డబ్బా తీసేయకుండా ఉండాలంటే ఏం చేయాలని అడిగింది. ఆయన బల్ల మీద కాగితాలు సర్దుతూ, "ఇవాళ్టి నుంచి సగం అని పెడితే, ఇన్నాళ్ళూ పెట్టిన ఖాళీలన్నీ అబద్ధమైపోతాయి," అన్నాడు.

"ఎవరూ వాడట్లేదని నేను ఎక్కడా రాయలేదు సార్. వాడుతున్నారు. ఖాళీగా ఉందని మాత్రమే అన్నాను."

"ఆఫీసుకి రెండూ ఒకటేనమ్మా."

"అది తింటుందని ఆఫీసుకి తెలుసు కదా?"

"తెలియకేం? మా పై ఆయన తన పెళ్ళి ఫొటోలు అందులోనే వేసుకున్నాడు. తినడానికి గడి లేదు, అదీ సంగతి."

ఇంకో కాగితం ఆమె ముందుకి తోశాడు. ప్రజలు ఈ డబ్బాను వాడడం లేదని ధ్రువీకరిస్తున్నాను అని అచ్చేసి ఉంది. కింద, డబ్బా ఖాళీ చేసే ఉద్యోగి సంతకానికి గీత. శుక్రవారం డబ్బా ఊడదీసేటప్పుడు సంతకం కావాలి. ఆమె ఆరు నెలలూ ఆ శుక్రవారంతోనే పూర్తవుతాయి. ఈ కాగితం వెళ్ళకపోతే ఆమె కాగితం కదలదు.

ఆమె ఇంటికి నడుస్తూ లెక్క తేల్చుకోవాలని చూసింది. సగం అంటే అబద్ధం. ఖాళీ అంటే నిజం. కానీ ఆ నిజాన్ని పట్టుకుని ఆఫీసు ఒక అబద్ధం తయారుచేసి తన సంతకం అడుగుతోంది. మరి తప్పు ఎక్కడ మొదలైంది? మొదటి టిక్కు దగ్గరా? ఆలోచిస్తూ తన వీధి దాటేసి, ఎదురుగా తెలియని ఇల్లు కనిపించాక వెనక్కి తిరిగింది.

"పెట్టేసెయ్," అన్నాడు భర్త, పిల్లల పళ్ళేలు తుడుస్తూ. "డబ్బాకేమైనా పెళ్ళాం పిల్లలున్నారా?"

"అబద్ధం కదండీ."

"చిన్న గీత మీద చిన్న సంతకం. దానికింత బెంగా?"

కూతురు పుస్తకంలోంచి తలెత్తింది. "మరి బడిలో వేరేవాళ్ళ రబ్బరు నాదేనన్నందుకు అందరి ముందూ నాచేత వెనక్కి ఇప్పించావ్ కదమ్మా."

"అది రబ్బరు," అన్నాడు తండ్రి. "ఇది మన బతుకు."

"అయితే పెద్ద అబద్ధాలైతే చెప్పొచ్చా?"

తండ్రి, "ముందు హోంవర్కు పూర్తిచెయ్," అన్నాడు.

శుక్రవారం సూపర్‌వైజరు పానాతో వచ్చాడు. తాత బెంచీ మీద కూర్చుని, బుడంకాయని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సంతకం పెట్టమ్మా, బోల్టులు విప్పేస్తాను."

"ముందు సంచి తీయాలి సార్. తీయకుండా డబ్బా కదపకూడదు కదా."

నియమం నియమమే కాబట్టి ఆయన పక్కకి జరిగాడు. ఆమె మూత పట్టుకుని లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. లోపల్నుంచి ఏదో తోస్తున్నట్టు మూత టప్పున లేచింది.

డబ్బా అంచుదాకా నిండి ఉంది. చిన్న చిన్న పొట్లాలు, ముడివేసినవి, ఎండి గులకరాళ్ళలా తేలిగ్గా ఉన్నాయి. వాసన లేదు. ఆమె ఒక వరస తీసింది. కింద ఇంకో వరస. అదీ తీసింది. డబ్బా అంచుదాకానే ఉంది. వ్యాను సగమయ్యేసరికి సూపర్‌వైజరు పానా కింద పెట్టి తనూ చేతులకి తొడుగులు వేసుకున్నాడు.

"ఎంతుందమ్మా?"

"తెలీదు సార్. వస్తూనే ఉంది."

మధ్యాహ్నానికి వ్యాను నిండింది. డబ్బా కూడా నిండే ఉంది. తాత బెంచీ మీంచి లేచి వచ్చి, ఆమె చేతిలోని నీలంరంగు పొట్లం చూసి ఆగిపోయాడు.

"ఇది రొట్టెల కొట్టు కాగితం, అప్పట్లో నేను ఇందులోనే పొట్లం కట్టేవాణ్ణి. ఆ కొట్టు మూసేసి తొమ్మిదేళ్ళయింది." కర్ర చంకలో పెట్టుకుని చెయ్యి చాపాడు. "ఇది మా దొరసానిదే. బుడంకాయకి ముందు ఉండే కుక్క."

ఆమె ఇచ్చింది. ఆయన పొట్లాన్ని అరచేతిలో పెట్టుకుని, ఆగిపోయిన గడియారాన్ని చూసినట్టు చూశాడు. బుడంకాయ ముక్కు పైకెత్తి, పెద్దవాళ్ళ ముందు కూర్చున్నట్టు బుద్ధిగా కూర్చుంది.

"వ్యానులో వేసెయ్యనా తాతగారూ?"

"ఒక్క నిమిషం ఆగమ్మా," అన్నాడు. ఆమె ఆగింది. సూపర్‌వైజరు కూడా ఆగాడు.

ధ్రువీకరణ కాగితాన్ని సూపర్‌వైజరు అటూ ఇటూ తిప్పి చూశాడు. నిండిన డబ్బాని వాడట్లేదని రాయడానికి ఆయనకీ మనసొప్పలేదు. నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. ఆమె పదిహేడుకి ఎదురుగా 'నిండింది' దగ్గర టిక్కు పెట్టింది.

మర్నాడూ నిండే ఉంది. వారం గడిచినా రోజుకో వ్యానెడు పొట్లాలు వస్తూనే ఉన్నాయి. ఇలా అయితే మిగతావి చూసేదెవరని ఆఫీసు ఆలోచించి, నలభై ఒక్క డబ్బాలు వేరేవాళ్ళకి అప్పగించింది. ఆమె ఉద్యోగం ఖాయం చేస్తూ ఉత్తర్వు పంపింది. ఎంతకాలం అన్న చోట 'పదిహేడో నంబరు డబ్బా ఖాళీ అయ్యేవరకు' అని రాశారు. అనుమతి కాగితం ఇచ్చేవాళ్ళు ఆ మాటలే చూసి, నలుగురి పేర్ల కిందా అవే రాసి ముద్ర కొట్టారు.

భర్త కాగితం రెండుసార్లు చదివాడు. "సంతోషించాలా, భయపడాలా?"

"నాకూ తెలీడం లేదండీ."

"ఎన్నాళ్ళు అనుకుంటున్నావ్?"

"పదకొండేళ్ళు అది ఎంత తిన్నదో ఎవరికి తెలుసు?"

డబ్బా ఖాళీ అయితే తన కుటుంబం వెళ్ళిపోవాలన్న సంగతి పేటలో ఎలా తెలిసిందో ఆమెకి తెలియదు. కొండమీది వీధివాళ్ళు మూడు డబ్బాలు దాటుకుని వచ్చి పొట్లాలు పదిహేడులో వేయడం మొదలుపెట్టారు. ఇంత దూరం ఎందుకని అడిగితే, కుక్కకి నడక కావాలమ్మా అన్నారు. ఇలా చేయొచ్చా అని ఆమె నియమాల పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివింది. చేయకూడదని ఎక్కడా లేదు. చేయొచ్చనీ లేదు.

ఒకరోజు ఎప్పుడూ చూడని పెద్దావిడ ముడివేసిన సంచి చేత్తో పట్టుకుని, ఆయాసపడుతూ వచ్చింది.

"మీ కుక్కేదమ్మా?" అని అడిగింది ఆమె.

"వెనకాల వస్తోంది," అంది పెద్దావిడ.

ఆమె రోడ్డు చివరిదాకా చూసింది. ఎక్కడా కుక్క లేదు. తన పిల్లల బడి గంట మాత్రం వినిపించింది.

ఆమె మూత ఎత్తి పట్టుకుంది.