వసారా మింగిన ఎండ గడియారం

మా చర్చి తలుపు పక్కన గోడరాతి మీద ఎండ గడియారం చెక్కి ఉండేది. నడుమ గుచ్చిన పుల్ల నీడ గీతను తాకగానే వాట్ ముసలాయన గంట కొట్టేవాడు. మా పెళ్లిళ్లు ఆ తలుపు ముందే జరుగుతాయి కనక, వానకు తడవకుండా అక్కడో రాతి వసారా కట్టమని ఊరంతా రాతిపని చేసే నా మొగుడు హేమోని అడిగారు. రెండు వేసవులు కట్టాడు. తీరా చూస్తే గడియారం కప్పు కిందికి వచ్చేసింది!

"గీతలన్నీ నీడలోనే ఉన్నాయి. ఇప్పుడు వేళెంతయినట్టు, హేమో?" అన్నాడు వాట్.

"నీకెంత కావాలంటే అంత, తాతా," అని నవ్వాడు మా ఆయన.

"ఇకిలించింది చాలు! సూర్యుడెటు ఉంటాడో తెలీనివాడికి ఉలి ఎందుకు?" అని దులిపేశాను.

అప్పట్నుంచి వాట్ తనకు తోచినప్పుడే గంట కొట్టాడు. మా మధ్యాహ్నాలు పొగమంచులా సాగి ప్రార్థనలోకి, నిద్రలోకి కలిసిపోయేవి. నేను తిడుతూనే ఉన్నాను.

ఈ ఆకురాలు కాలంలో హేమోని పాడె మీద ఆ వసారాలోకే తెచ్చారు. గొయ్యి సిద్ధమైంది, గంట కొట్టమన్నారు ఫాదర్. వాట్ గడియారాన్ని తడిమి చూశాడు.

"ఇంకా వేళ కాలేదమ్మా అవీస్. కాసేపు మీ ఆయన దగ్గర కూర్చో."

కూర్చున్నాను. ఆయన కట్టిన నీడలో, ఎంతసేపో ఎవరికీ తెలియదు.