రెండో ముంత

చేటలో కొర్రబియ్యం చెరిగి, రాళ్లు ఏరి, ఎసట్లో పోసే ముందు జీవరత్నం ఒక పిడికెడు పక్కకు తీసింది. గూట్లో ఉన్న రెండు ముంతల్లో చిన్నదాని మూతికి కట్టిన పూలగుడ్డ విప్పి అందులో వేసింది. "ఇది విమలకు" అంది. సాయంత్రం వేసేది రూతమ్మకు.

పెద్ద ముంత దేవునిది. ప్రొద్దుటూరులో ఆమె ఉండే పాలెం క్రైస్తవుల ఇళ్లన్నిటా అలాంటిదొకటి ఉంటుంది. వండే ప్రతిపూటా మొదటి పిడికెడు అందులో పడాలి. శనివారం సాయంత్రం, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే దేవకుమారి సంచిలో వొంపుకుని చర్చికి చేరుస్తుంది. జీవరత్నం మొగుడు చనిపోయిన వారంలో కూడా ఆ పిడికెడు తప్పలేదు. తప్పలేదన్న మాటే గానీ, వేసేటప్పుడు ఆమె మనసు పొయ్యిలోని పచ్చి కట్టెల మీద ఉండేది. ప్రార్థన కూడా అంతే, కంఠతా వచ్చింది గనక చెప్పేది.

కొత్త రాష్ట్రం వచ్చిన రెండో ఏడు, జమ్మలమడుగులో అనాథ పిల్లల హాస్టలు మూసేస్తున్నారని, ఆ పిల్లల్ని సాకే ఇళ్లు కావాలని పాస్టరు ఆదివారం ఆరాధనలో అడిగాడు. జీవరత్నం చెయ్యెత్తింది. పెద్దముడియంలో కలరాకు తల్లిదండ్రులు పోయిన విమల, రూతమ్మ అనే అక్కాచెల్లెళ్లను ఆమెకిద్దామనుకున్నారు. నాలుగు నెలల్లో ఇల్లు సిద్ధం చేసుకోమన్నారు.

చేసుకుంది. ఉన్నది ఒంటిగది మట్టిమిద్దె. ఎలుక బొక్కల్లో గాజుపెంకులు కూరి మెత్తింది. తానే సున్నం కొట్టింది. చేతులు పొక్కితే ఆముదం రాసుకుంది. తాను పనిచేసే మిల్లులో పక్కన కూర్చునే జానీబీ పాత చీరలతో బొంత కుట్టి ఇచ్చింది. వీధిలో పిల్లల్ని గోడకు ఆనించి నిలబెట్టి, వాళ్ల చెయ్యి అందేంత ఎత్తున రెండు చిలక్కొయ్యలు కొట్టింది. పిల్లలు వచ్చిన నాటికి నాలుగు గింజలు ఇంట్లో ఉండాలని రెండో ముంత పెట్టింది.

మొదటి నెల రెండు ముంతల్లోనూ వేసింది. సగం కడుపుతో మిల్లులో కళ్లు తిరిగి పడిపోయింది. అప్పుడు తనలో తనే తర్కించుకుంది. ఆ పిల్లలు దేవుని పిల్లలు. వాళ్ల నోట్లో పడితే ఆయనకు ముట్టినట్టే. ఆ రోజు నుంచి పెద్ద ముంతలో వేయడం మానేసింది. చిత్రమేమిటంటే, ఆ రోజు నుంచే ఆమెకు నిజంగా ప్రార్థించడం వచ్చింది. పిడికిలి మూసి ఆ పిల్ల పేరు పెట్టి అడిగేది. నలభై ఆరేళ్లకు మొదటిసారి, వినేవాడొకడున్నాడని ఆమెకు నమ్మకం కుదిరింది.

పిల్లల్ని తెస్తారన్న శనివారం మధ్యాహ్నం దాకా చెనిక్కాయల మిల్లులో వేరుశనగ విత్తనాల్లోంచి పుచ్చువి ఏరింది. ఇరవై ఏళ్లుగా అదే పని. వేళ్ల కొసలు నల్లబడి, గోళ్లు అరిగి, నడుం ముందుకు వంగిపోయింది. మేస్త్రీని బతిమాలుకుని సెలవు తీసుకుంది. ఉతికిన చీర కట్టుకుని చర్చికి పోయింది.

వసారాలో పాస్టరు, దేవకుమారి, పులివెందుల నుంచి వచ్చిన సంఘపెద్ద ఇమ్మానుయేలు, ఆయన భార్య కూర్చుని ఉన్నారు. ఓ మూల రేకుపెట్టె మీద జుట్టు కత్తిరించిన ఇద్దరు ఆడపిల్లలు.

"మూడు నెలలుగా నీ ఇంట్లో పిడికెడు పడలేదంట, నిజమేనా?" ఇమ్మానుయేలు అడిగాడు.

"పడతానే ఉందయ్యా. ఈ బిడ్డోళ్లకని వేరే ముంతలో ఏస్తాండా."

"అంటే దేవుని భాగం తీసి నీ ఇంట్లో దాచుకుంటాండావు."

"ఈళ్లు దేవుని బిడ్డలు కాదా అయ్యా?"

"దేవునికే ఎగ్గొట్టింది, పరాయి బిడ్డలకేం పెడతాది?" అన్నాడు ఇమ్మానుయేలు, పాస్టరు వైపు తిరిగి. చర్చికి బెంచీలు చేయించింది ఆయనే. పాస్టరు మంచివాడే, కానీ తలెత్తలేదు. దేవకుమారి సంచి మడతలు సర్దుకుంటూ ఉండిపోయింది. పిల్లలు ఇమ్మానుయేలు ఇంటికి పోవాలని తీర్మానమైంది.

ఆయన భార్య లేచి విమల అరచేయి తిప్పి చూసింది. "నీళ్లు చేదుతావా? తిరగలి పట్టినావా ఎప్పుడన్నా?" అని అడిగింది. మిల్లులో విత్తనాలను జీవరత్నం చూసే చూపు అది. ఆమె వెంటనే గుర్తుపట్టింది.

బస్సు దగ్గరికి ఆమె కూడా నడిచింది. ఎవరూ వద్దనలేదు. మెట్టెక్కబోతూ విమల వెనక్కి తిరిగింది.

"మాకు కొయ్యలు కొట్టినామె నువ్వేనా? పాస్టరయ్య చెప్పినాడు."

"నేనేమ్మా."

"నాకు అందుతాయా?"

"అందుతాయి. నీ యెత్తుకే కొట్టినా."

బస్సు పులివెందుల దారి పట్టింది.

చీకటి పడకముందే దేవకుమారి సంచితో గుమ్మంలోకి వచ్చింది. "మనసులో పెట్టుకోవాక అక్కా. అడిగితే చెప్పకతప్పలే. ఇంక ఆ బిడ్డోళ్ల బాధ్యత లేదు గదా, ఈ పూట నుంచన్నా ఏస్తావా?"

జీవరత్నం పెద్ద ముంత తెచ్చి ఆమె సంచిలో పెట్టింది. ముంతకు సాలెగూడు పట్టి ఉంది. "ఇది సంఘానిది. కొంచబో."

"మరి దేవునికి?"

"ఆయనకు నేనేం బాకీ లేను. మేమిద్దరం రోజూ మాట్లాడుకుంటానే ఉండాం."

దేవకుమారి పోయింది. జీవరత్నం పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. దేవుణ్ణి తిట్టింది కూడా, దగ్గరివాణ్ణి తిట్టినట్టు. తర్వాత ఎసరు పెట్టి కొర్రబియ్యం చెరిగింది. పొద్దున వేసింది విమలకు. ఇప్పుడు రూతమ్మ వంతు. పిడికిలి మూసి ఆ పేరు చెప్పి, చిన్న ముంతలో వేసి, పూలగుడ్డ బిగించి కట్టింది.

కొత్త సున్నం గోడకు చిన్నపిల్లల చేతికందే ఎత్తున రెండు చిలక్కొయ్యలు, వాటి పైన గూట్లో ఆ ముంత.