నాడికి తెలిసిన కేక

కుళాయి కింద బకెట్టు. టప్... టప్...

చుక్క పడ్డప్పుడల్లా అన్న భుజం అదురుతోంది.

మిర్యాలగూడలో యునానీ దవాఖాన. బల్ల మీద మా అన్న మట్టయ్య. పక్కన నేను. గడప దగ్గర కాశీరాం మామ — అన్నతో కలిసి మందలు తిప్పినవాడు.

రెండు వేల తొమ్మిదిలో కృష్ణకు వరద వచ్చింది. మఠంపల్లి దగ్గర మా గొర్రెల మంద కొట్టుకుపోయింది. అన్న మిగిలాడు. మాట మిగల్లేదు.

ఆకలైనా వదినను పిలవడు. వాకిట్లో నిలబడతాడు... అంతే. నన్ను 'స్వరూపా' అని కేకేసి ఏడాది దాటింది.

సూర్యాపేట డాక్టర్ మాత్రలిచ్చాడు. నిద్ర వచ్చింది. మాట రాలేదు.

"సదువుకున్నదానివి, నువ్వే సూడు బిడ్డా" అంది అమ్మ. మా ఇంట్లో డిగ్రీ నాదొక్కదే. అందులో దీనికి జవాబు లేదు.

హకీం సాబ్ ముసలాయన. తొందరలేని గొంతు.

"పరేషాన్ కాకు బేటీ. ఒంటికి జరమొచ్చినట్టే మనసుకూ వస్తది. వెయ్యేండ్ల కిందనే మా పెద్ద హకీంలు రాసిపెట్టిన్రు. బాగ్దాద్‌ల, కైరోల దవాఖానలు కట్టిన్రు. మనసు చెదిరినోళ్ల కోసం నడిమిట్ల నీళ్ల హౌజు, పక్కన పాట... నీళ్ల సప్పుడు ఇంటే పానం నిమ్మళమైతదని."

నీళ్ల చప్పుడు.

టప్... టప్...

ఆయన మూడు వేళ్లు అన్న మణికట్టు మీద ఆనించారు. "నోరు దాస్తది. నాడి దాయదు." ఇదీ ఆ పాత హకీంల పద్ధతేనట — పేర్లు ఒక్కొక్కటే పలకడం, నాడి ఎక్కడ ఎగురుతుందో పట్టుకోవడం.

"మోతె... మునగాల... కోదాడ..."

"గిదేంది, కండక్టర్ లెక్క ఊర్లు సదువుతున్నడు?" మామ గొణిగాడు.

"నీకు గూడ టికెట్ కొడ్త, జర ఆగు" అన్నారు హకీం సాబ్, కళ్లు తెరవకుండానే.

"మఠంపల్లి."

నాడి ఎగిరింది కాబోలు, ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏరు... వరద... గొర్రెలు..." తల అడ్డంగా ఊపారు. ఇంకేదో ఉంది. "బేటీ, మీ అన్న మందను ఎట్ల పిలుస్తుండె?"

ప్రతి కాపరికీ తనదైన కేక ఉంటుంది. వేరే గొంతుకు గొర్రె తల కూడా తిప్పదు. అన్న కేక నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. నాలుకను అంగిలికి కొట్టి, మెల్లగా —

"త్రో... హో... హోయ్..."

అన్న చెయ్యి లాక్కున్నాడు. చెవులు మూసుకున్నాడు.

మామ గడప మీదే కూలబడ్డాడు.

"వరద దినం గొర్లు దిబ్బ మీన నిలవడ్డయి బిడ్డా. నడుమ నీళ్లు. వీడు ఈ ఒడ్డున ఉండె. పానం ఆగక పిలిసిండు... పిలిస్తె రాకుంటయా?"

ఒక్కొక్కటే నీళ్లలోకి దిగాయట. తలలన్నీ అన్న వైపే.

"దిబ్బ మునగలే. తెల్లారి సూస్తె దాని మీన గడ్డి అట్లనే ఉన్నది."

అందుకే... అన్న ఎవరినీ పిలవడు.

"ఇగ ఏం జెయ్యాలె, సాబ్?" అని అడిగాను.

  

హకీం సాబ్ లేచి వెళ్లి, కుళాయి గట్టిగా కట్టేశారు.

పాత కుళాయి.

నేను అన్న మణికట్టు పట్టుకున్నాను. మూడు వేళ్లు. నాడి చదవడం నాకు రాదు. కొట్టుకోవడం మాత్రం తెలుస్తోంది. లోపల ఎవరో పిలుస్తున్నారో... పిలుపు విని ఎవరో దిగుతున్నారో...

టప్...

అన్న భుజం మళ్లీ —

టప్...