టీవీలో వచ్చిన సగం మాట

ఆ సాయంత్రం జయకుమార్ చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా నేరుగా వంటింట్లోకి వచ్చాడు. చేతిలో చిన్న పెట్టె, దాని కింద నాలుగు లోహపు కడ్డీలు.

"అమ్మా, అక్కా, ఇట్లా రండి. ఒకటి చూపిస్తా, దిమ్మ తిరిగిపోతాది!"

రెండు గాజు గ్లాసులు కడిగి గట్టు మీద పెట్టాడు. ఒకదాంట్లో కొళాయి నీళ్లు పట్టాడు. రెండోదాంట్లో తను తెచ్చిన సీసాలోని నీళ్లు పోశాడు. రెండూ తేటగానే ఉన్నాయి. కడ్డీలు ముంచి స్విచ్ వేశాడు. కాసేపట్లోనే కొళాయి నీళ్ల మీద పచ్చటి నురగ లేచింది. తర్వాత తుప్పు రంగు మడ్డి కిందికి దిగడం మొదలైంది. చూస్తుండగానే ఆ గ్లాసు మురిక్కాలవ అయిపోయింది. పక్క గ్లాసు మాత్రం అంతే తేటగా ఉంది.

"ఏసయ్యా!" అంటూ వాళ్లమ్మ ప్రేమజ్యోతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇన్నేండ్లూ మనం తాగింది దీన్నా?"

"అదే చెప్తాండా. ఈ మడ్డంతా కడుపులోకే పోతాది. మా శుభ్రధార మిషన్ పెట్టుకుంటే ఇదో, ఈ గ్లాసు మాదిరి ఉంటాయి నీళ్లు."

ఇంకో మాట వినకుండానే ఆమె నిండు బిందెను ఎత్తి పెరట్లో పారబోసింది.

జయకుమార్ పదేళ్లు బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. తెల్లటి దుమ్ము మింగీ మింగీ దగ్గు పట్టుకున్నాక ఆ పని మానేసి, శుభ్రధార కంపెనీవాళ్ల నీటి మిషన్లకు ఏజెన్సీ తీసుకున్నాడు. నెల కూడా కాలేదు. పనిలో వాడు ఇంత హుషారుగా ఉండడం అక్క రత్నమణి చూసి చాలాకాలమైంది. అందుకే అప్పుడేమీ అనలేదు.

కానీ ఆమె హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచరు. ఆమెను పట్టుకున్నది మురికి గ్లాసు కాదు, తేట గ్లాసు. అందులో ఒక్క బుడగ కూడా రాలేదెందుకు? ఏమీ కలవని నీళ్లలో కరెంటు పారదని ప్రతి ఏడూ తను పదో తరగతికి చెప్పే పాఠమే. కరెంటు పారకపోతే ఆ కడ్డీలు ముంచినా ఒకటే, ముంచకపోయినా ఒకటే. మరి కొళాయి నీళ్లలో వచ్చిన మడ్డి నీళ్లదా, కడ్డీలదా?

మర్నాడు బడి మొదలుకాకముందే ల్యాబు తాళం తీయించింది. తమ్ముడి సీసాలో మిగిలిన నీళ్లు గ్లాసులో పోసి, రెండు ఇనుప మేకులు వేలాడదీసి, బ్యాటరీ తగిలించింది. ఏమీ కాలేదు. మధ్యాహ్న భోజనం వంటగదికి పరుగెత్తి చిటికెడు ఉప్పు తెచ్చి అందులో వేసింది.

బుసబుసమని బుడగలు! ఆ వెంటనే పచ్చ, ఆ వెంటనే తుప్పు రంగు. కంపెనీ వాళ్ల తేట నీళ్లు కాస్తా నిన్నటి కొళాయి నీళ్లకంటే ఘోరంగా తయారయ్యాయి. మేకు బయటికి తీస్తే ఒకవైపు తినేసినట్టు అరిగిపోయి ఉంది.

"అది ఇనుమే!" అని రత్నమణి ఎంత గట్టిగా అరిచిందంటే వరండాలో ఉన్న పిల్లలంతా ల్యాబులోకి దూరారు. మళ్లీ చేసి చూపించమన్నారు. చేసింది. ఇంకోసారి అన్నారు. ఇంకోసారీ చేసింది. ఆమెకే ఆపబుద్ధి కాలేదు. సున్నపురాయి మీద కూర్చున్న ఊరు వాళ్లది. నీళ్లలో సున్నం కరగకుండా ఎట్లా ఉంటుంది? సున్నం ఉంటే కరెంటు పారుతుంది, పారితే ఇనుప కడ్డీ కరిగి మడ్డి అవుతుంది. ఇందులో విషమన్న ఊసే లేదు.

ఆ సంగతి చెప్పబోతే జయకుమార్ విననే లేదు.

"అక్కా, నీవు బడి పుస్తకంలో మాట చెప్తాండావు. వాళ్లు పెద్ద సైంటిస్టులు. రీసెర్చి చేసినారు. రేపు టీవీవాళ్లు కూడా వస్తాండారు, బస్టాండు కాడ లైవ్. ఊర్లో సైన్స్ టీచరు మా అక్కేనని చెప్పినా. నీతోనే కడ్డీలు ముంచిపిస్తారంట. రాను అనొద్దక్కా, నా పరువు పోతాది."

"వస్తా" అంది రత్నమణి. "కానీ ముందు నీవొకసారి మా ల్యాబుకు రారా. నీ కండ్లతో చూడు."

"షామియానా కట్టించాల, కుర్చీలు తేవాల. యాడ తీరికక్కా?" అంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు బస్టాండు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. బండల లారీలు కూడా ఆగిపోయాయి. కర్నూలు నుంచి వచ్చిన ఛానెల్ వ్యాను, దాని మీద గొడుగంత డిష్. మైకు పట్టుకున్న రిపోర్టరు పేరు శివాని. చిన్నపిల్ల, గబగబా మాట్లాడుతుంది. ఆమె పక్కన కంపెనీ తరఫున హైదరాబాదు నుంచి వచ్చిన కోటు డాక్టరు.

"బేతంచెర్ల నీళ్లు తాగేవాళ్లకు కిడ్నీ జబ్బులు మూడింతలు ఎక్కువని మా అధ్యయనంలో తేలింది" అన్నాడాయన. జనంలో గుసగుసలు లేచాయి. శివాని కెమెరా వైపు తిరిగి, "విషం తాగుతున్న ఊరు! ఇప్పుడు స్థానిక సైన్స్ టీచర్ గారే మీ కళ్ల ముందు నిరూపించబోతున్నారు!" అంది.

రత్నమణి మెట్లెక్కింది. ముందు వరుసలో తమ్ముడు ఇస్త్రీ చొక్కాలో, మొహమంతా నవ్వుతో నిలబడి ఉన్నాడు. వాడి వైపు చూడకుండా మైకు తీసుకుంది.

"సార్, మూడింతలన్నారు కదా. ఆ జనాన్ని యాడ కలిసినారు సార్?"

"ఆసుపత్రిలో తల్లీ."

"ఏ ఆసుపత్రిలో?"

ఆయన కాస్త తడబడ్డాడు. "కిడ్నీ ఆసుపత్రిలోనే."

వెనక ఒక లారీ డ్రైవరు పడీపడీ నవ్వాడు. "కిడ్నీ ఆసుపత్రిలో కిడ్నీ జబ్బోళ్లు కాక ఇంకెవరుంటారప్పా!" ఆ నవ్వు జనమంతా పాకింది. "ఆ అధ్యయనానికి ఖర్చు ఎవరు పెట్టినారు సార్?" అని రత్నమణి అడిగితే ఆయన కోటు మీద ఉన్న శుభ్రధార బొమ్మను చెయ్యి పెట్టి కప్పుకున్నాడు.

ఆమె కడ్డీలు ముంచింది. కొళాయి గ్లాసు మురికైంది, కంపెనీ గ్లాసు తేటగా ఉంది. జనం "అయ్యయ్యో" అన్నారు. అప్పుడు చీరకొంగు ముడి విప్పి, "ఇది మా వంటింటి ఉప్పు" అని అందరికీ చూపించి, తేట గ్లాసులో చిటికెడు వేసింది.

క్షణకాలం ఏమీ లేదు. తర్వాత ఆ గ్లాసు ఒక్కసారిగా పొంగింది. పచ్చ, తుప్పు రంగు, మడ్డి! ఈలలు, కేకలు! కుర్చీల మీదికెక్కి మరీ చూశారు. కెమెరా అతను గ్లాసు మీదికి వంగిపోయాడు. శివాని చెవిలోని యంత్రంలో ఎవరో కట్ చెయ్యమని అరుస్తున్నారు. ఆమె దాన్ని పీకి మెడలో వేసుకుంది.

"ఈ మడ్డి నీళ్లది కాదు, కడ్డీలది" అంది రత్నమణి, గొంతు పగిలిపోయేట్టు. "ఈ పరీక్షతో నీళ్లలో విషం ఉండాదని తేలదు. అట్లని లేదనీ తేలదు! మన పక్కన కొన్ని బోర్లలో పండ్లు, ఎముకలు పాడుచేసే ఫ్లోరైడు ఉండాది. దానికి వేరే పరీక్ష చేయాల. అది చేసేదాకా ఎవరూ..."

మిగతా మాటలు చప్పట్లలో కలిసిపోయాయి. ఆమె చూసేసరికి ముందు వరుసలో తమ్ముడు లేడు.

ఆ వీడియో ఊళ్లు దాటి తిరిగింది. తీసెయ్యమని కంపెనీ ఎంత ఒత్తిడి చేసినా, అంతమంది చూస్తున్నదాన్ని ఛానెల్ వదులుకోలేదు. ఇంకో నాలుగు ఛానెళ్లు కూడా వేసుకున్నాయి. "నీళ్లలో విషం లేదు, తేల్చేసిన టీచర్!" అని పెద్ద అక్షరాలు. అందులో ఆమె మాట "విషం ఉండాదని తేలదు" దగ్గర ఆగిపోతుంది. ఆ వెంటనే చప్పట్లు. బడికి పూలదండలొచ్చాయి, సెల్ఫీలు దిగేవాళ్లొచ్చారు. "నేను అన్నది అది కాదు" అని చెబితే, "మ్యాడంకు పొగడ్తలు గిట్టవు" అని ఇంకా పొగిడారు.

జయకుమార్ ఆమెతో మాట్లాడడం మానేశాడు. అడ్వాన్సులు ఇచ్చినవాళ్లు వెనక్కి అడుగుతున్నారు. వాడు ఎదురుపడితే రత్నమణే పక్కకు తప్పుకునేది.

సోమవారం తొమ్మిదో తరగతిలో మహిమ అనే పిల్ల లేచి నిలబడింది. ఊరికి దూరంగా ఉన్న పల్లె ఎర్రమిట్ట కొట్టాల నుంచి నడిచి వస్తుంది. నవ్వేటప్పుడు పండ్ల మీది గోధుమ రంగు చారలు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఆ పిల్లకు అలవాటు.

"మ్యాడం, మీకు మా అవ్వ సిద్దమ్మ దండాలు చెప్పమన్నాది. మీ పుణ్యాన నీళ్లకు దూరం పోయే బాధ తప్పిందంట. చిన్నప్పుడు నా పండ్లు ఇట్లయినాక భయపడి ఆ చివర బాయికాడికి పోయి తెచ్చేది. టీవీలో మీరు చెప్పినాక బోరింగు నీళ్లే తాగుతాండాం. కొట్టాలంతా అంతే."

రత్నమణి చాక్‌పీసు కింద పెట్టేసింది. నీళ్ల శాఖవాళ్లు ఎప్పుడో బడికిచ్చిన పరీక్షల కిట్టును బీరువాలోంచి దుమ్ము దులిపి తీసింది. ఆ కొట్టాలకు బస్సు లేదు. నేరుగా ఇంటికి వెళ్లి, అరుగు మీద కూర్చున్న తమ్ముడి ముందు నిలబడింది.

"బండి తియ్‌రా."

వాడు తల తిప్పుకున్నాడు.

"నా మీద కోపం తర్వాత చూసుకుందాం. నా సగం మాట నమ్మి ఒక కొట్టాలంతా బోరింగు నీళ్లు తాగుతాంది. చిన్నపిల్లోళ్లు ఉండారు. లేయ్!"

వాడు ఒక్క క్షణం చూసి, బండి తాళాలు తీసుకున్నాడు.

బోరింగు దగ్గర ఆడవాళ్లంతా మూగారు. సిద్దమ్మ సంబరంగా ఎదురొచ్చి ఆమె చేతులు పట్టుకుంది. రత్నమణి గాజు గొట్టంలో బోరింగు నీళ్లు పట్టి, కిట్టులోని మందు చుక్కలు వేసింది. "గులాబి రంగు వచ్చి అట్లే నిలబడితే మంచిది. పసుపుకు తిరిగితే ఫ్లోరైడు" అని ముందే చెప్పింది. గులాబి రంగు వచ్చింది. రంగు పలచబడింది, నారింజకు తిరిగింది, చివరికి నిమ్మపండు పసుపైపోయింది.

అప్పటిదాకా బండికి ఆనుకుని ఉన్న జయకుమార్, అందులోని మిషన్ నీళ్ల సీసా పట్టుకుని ముందుకొచ్చాడు.

"ఉండక్కా. ఇది కూడా ఆ కడ్డీల మాదిరి మాయే కావచ్చు గదా? నా మిషన్ నీళ్లతో చెయ్. వట్టివి ఒకటి, ఉప్పేసినవి ఒకటి."

రత్నమణికి వాణ్ని అక్కడే కావలించుకోవాలనిపించింది. రెండు గొట్టాలు నింపింది. వట్టి నీళ్లు గులాబిగానే నిలిచాయి. ఉప్పు నీళ్లూ గులాబిగానే నిలిచాయి. "చివర బాయి నీళ్లు తెండి!" అని వాడే అరిచాడు. మహిమ చెంబు తీసుకుని పరుగెత్తింది. ఆ నీళ్లూ గులాబి రంగే!

"అక్కా, ఇది నిజమే చెప్తాంది!" అన్నాడు. ఏజెన్సీ పుచ్చుకున్న మొదటిరోజు హుషారంతా వాడి మొహంలోకి తిరిగొచ్చింది. "నా మిషన్ ఈ ఫ్లోరైడును ఆపుతాదా?"

"చూస్తే పోలా?"

బండిలో ఉన్న మిషన్‌ను కొట్టాల చర్చిలోకి మోసుకుపోయి కరెంటు తగిలించి, బోరింగు నీళ్లే పోశారు. అవతలికి వచ్చిన నీళ్లలో చుక్కలు వేస్తే గులాబి రంగు చెక్కుచెదరలేదు. ఆడవాళ్లు గొల్లుమని నవ్వారు. జయకుమార్ మాత్రం నవ్వలేదు.

"మిషన్ మంచిదేనక్కా. అవసరం లేనోళ్లను బెదిరించి అమ్మమన్నారు. అవసరమున్నోళ్లు ఈడ ఉండారని ఎవరూ చెప్పలేదు."

ఇక ఎవరూ తాగకుండా గుర్తుగా బోరింగు మీద ఎర్ర రంగు పూశారు. మిషన్ చర్చిలోనే ఉండిపోయింది. అది వాడు సొంతంగా కొనుక్కున్నదే.

రత్నమణి శివానికి ఫోన్ చేసింది. సంగతి వినగానే ఆ పిల్ల ఎగిరి గంతేసింది. "ఇది ఇంకా పెద్ద స్టోరీ మేడం! 'మాట మార్చిన టీచర్!'"

"నేను మాట మార్చలే తల్లీ. మీరు సగమే వేసినారు."

"ఆ రోజు లైవ్‌లో పూర్తిగానే వెళ్లింది మేడం. మళ్లీ వేసేటప్పుడు ఆఫీసులో కత్తిరించారు. అప్పుడు నేనైనా చూసుకోవాల్సింది, చూసుకోలేదు" అంది శివాని, ఈసారి నెమ్మదిగా. మర్నాడే కెమెరాతో వచ్చింది. ముందు ఎర్ర బోరింగు, తర్వాత చివరి బావి, రెండు గొట్టాలూ పక్కపక్కనే, కోత లేకుండా లైవ్ ఇచ్చింది. అయినా సాయంత్రానికి ఇంకో ఛానెల్ "సీమ అంతా విషపు నీళ్లే!" అని వేసుకుంది. రత్నమణికి ఒళ్లు మండింది. కానీ ఈసారి ఆమె టీవీ ముందు కూర్చోలేదు.

ఆదివారం ఆరాధన కాగానే తొమ్మిదో తరగతి పిల్లలు ఇరవై మంది, జయకుమార్ బండి, రెండు రంగు డబ్బాలు. ఊరూరా తిరిగారు. చూసేవాళ్లతోనే నీళ్లు పట్టించారు, వాళ్ల చేతులతోనే చుక్కలు వేయించారు. మంచిదైతే నీలం, కాకపోతే ఎరుపు. నీళ్ల శాఖ ఇంజనీరు హనుమన్న మొదట ముఖం చిట్లించుకున్నాడు. తర్వాత తనే ఎర్ర బోరింగుల నీళ్లు ల్యాబుకు పంపించాడు. ఒక్కటి తప్ప అన్నీ నిజమేనని తేలింది. ఆ ఒక్క చోటికి రత్నమణి వెనక్కి వెళ్లి, అందరి ముందూ తప్పు చదివామని చెప్పి, ఎరుపు మీద నీలం పూయించింది.

ఆ ఫలితాలు చూసి నీళ్ల శాఖ ఎర్రమిట్ట కొట్టాలకు కొళాయి పైపు వేసిన రోజు మొదటి చెంబు పట్టింది సిద్దమ్మే. తాగబోయి ఆగి, చుట్టూ చూసింది.

"యాడబోయిందో ఆ మ్యాడం. చుక్కలు వేసి చూపియ్యందే నేను తాగను!"

అప్పటికే మహిమ గొట్టం పట్టుకుని జనాన్ని తోసుకుంటూ పరుగెత్తుకొస్తోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయి, నవ్వుతోంది.