డాక్టరు మానుకోమన్న ఆందోళన

వానలు మొహం చాటేసిన ఆ ఏడాది ఆదెప్పకు నిద్ర కరువైంది. చీకట్లోనే లేచి ఎండిన బోరు దాకా పోయి వచ్చేవాడు. అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచిపోయేవాడు. భార్య ఆంజినమ్మ బలవంతం చేసి అనంతపురంలో ఒక డాక్టరుకు చూపించింది.

"ఈయనకు ఆందోళన ఎక్కువగా ఉందమ్మా. అది మానుకుంటే నిద్ర పడుతుంది" అని డాక్టరు మాత్రలు ఇచ్చాడు.

ఆంజినమ్మకు తెలిసిన ఆందోళన ఒక్కటే. విత్తన శెనక్కాయల కోసం గార్లదిన్నె మండలాఫీసు ముందు రైతులు టెంటు వేసుకుని చేస్తున్నది. ఆదెప్ప రోజూ అక్కడే కూర్చుంటున్నాడు.

"ఇంగ ఆ టెంటు దిక్కు పోవాకు" అంది బస్సులో. అతను కిటికీలోంచి చూస్తూ సరేనన్నాడు.

మర్నాడు ఆమే టెంటుకు వెళ్లింది. రైతుల నాయకుడు కుళ్లాయప్ప మైకు పట్టుకుని ఉన్నాడు.

"ఏమప్పా కుళ్లాయప్పా, మా ఆయప్పను ఈడికి పిలవద్దు. ఆందోళన పడదంట. డాక్టరు చెప్పినాడు."

టెంటంతా గొల్లున నవ్వింది.

"ఆ ఆందోళన కాదక్కా, మనసులో కంగారు! అయితే పిచ్చి డాక్టరు కాడికి పోయినారా?" అన్నాడు కుళ్లాయప్ప నవ్వుతూ. మైకులో ఆ మాట రోడ్డు దాకా వినబడింది. భార్యను వెతుక్కుంటూ వచ్చిన ఆదెప్ప రోడ్డు మీదే నిలబడిపోయాడు. అతన్ని చూసి నవ్వులు ఆగాయి.

"నీ పరువు నేనే తీస్తి" అని ఆంజినమ్మ ఇంటికొచ్చి ఏడ్చింది.

"డాక్టరు చెప్పింది మనసులో కంగారని నాకు ఆయన కాడే తెలిసింది. పిచ్చోడంటారని భయపడి, నువ్వు టెంటు సంగతి అనుకుంటే అదే మేలని గమ్మున ఉంటి" అన్నాడు ఆదెప్ప, గోడవైపు తిరిగి.

ఆ తర్వాత అతను గడప దాటలేదు. ఒక మధ్యాహ్నం కుళ్లాయప్ప వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తప్పయిపాయ అన్నా."

"పోనీలే."

కుళ్లాయప్ప గడప దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"అన్నా, ఆ డాక్టరు యాడ ఉంటాడు? నాకూ శానా దినాలాయ, నిద్ర లేక."

వంటింట్లో ఆంజినమ్మ చేతిలో గరిట ఆగింది. ఆదెప్ప లేచి చొక్కా తొడుక్కున్నాడు. "పా, నేనూ వస్తా."

బస్సు కోసం ఇద్దరూ టెంటు ముందు నుంచే నడిచారు.

"యాడికి పోతాండారు?" అని లోపలి నుంచి ఎవరో కేకేశారు.

కుళ్లాయప్ప భుజం మీది తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు.

"డాక్టరు కాడికి" అన్నాడు ఆదెప్ప, తల ఎత్తకుండానే.